చవక టైర్లు కొనవచ్చా?

ప్రశ్న: మా కారు టైర్లు అరిగిపోయాయి. పేరున్న కంపెనీ టైర్లకు బదులు, అదే సైజులో బాగా తక్కువ ధరకు దొరికే టైర్లు వేయించుకోవచ్చా?

జవాబు: ధర తక్కువైనంత మాత్రాన టైరు పనికిరానిదని అనలేము. తక్కువ వేగంతో, పొడి రోడ్ల మీద కొద్దిగా తిరిగే కారుకు అవి సరిపోవచ్చు. తేడా బయటపడేది తడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేసినప్పుడు. తడిలో పట్టు, మన్నిక, ఇంధన పొదుపు, ఈ మూడింటినీ ఒకే రబ్బరు మిశ్రమంలో సాధించాలంటే సిలికా వంటి పదార్థాలూ, సుదీర్ఘ పరీక్షలూ అవసరం కాబట్టి, ఖర్చు తగ్గించుకునే తయారీదారు సాధారణంగా వీటిలో ఏదో ఒకదానితో రాజీపడతాడు. రాజీపడింది మన్నికతోనైతే నష్టం డబ్బుతో పోతుంది. పట్టుతోనైతే అలా పోదు. అందువల్ల వానల్లో, హైవేల మీద ఎక్కువగా ప్రయాణించేవారికి వీటిని నేను సిఫారసు చేయను.

ఏ టైరు కొన్నా పక్కభాగం మీది అంకెలు చదవండి. సైజు పక్కన ‘91వి’ అని ఉంటే, ఆ టైరు 615 కిలోల బరువునూ, గంటకు 240 కిలోమీటర్ల వేగాన్నీ తట్టుకుంటుందని అర్థం. ఇవి కారు తయారీదారు సూచించినదానికంటే తక్కువ ఉండకూడదు. తయారీ తేదీని తెలిపే నాలుగంకెలు ‘2324’ అయితే అది 2024లో 23వ వారంలో తయారైనట్టు. భారీ తగ్గింపు వెనుక పాత సరుకు ఉండటం అరుదేమీ కాదు.

బడ్జెట్ చాలకపోతే ప్రస్తుతానికి రెండు మంచి టైర్లే కొని, వాటిని వెనుక చక్రాలకు వేయించండి. తడిలో బండి వెనుకభాగం జారితే అదుపు చేయడం ఎక్కువ కష్టం.