ఓటు లేనివాళ్లం డిస్ట్రిక్టు హద్దుల గురించి మాట్లాడొచ్చా?

ప్రశ్న: హెచ్‌1బీ మీద కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ వచ్చాం. 2030 సెన్సస్ తర్వాత సిటీ కౌన్సిల్ డిస్ట్రిక్టుల (ఒక్కో కౌన్సిల్ సభ్యుణ్ని ఎన్నుకునే వార్డుల) హద్దులు మళ్లీ గీస్తారట. ఓటు లేని మేం మాట్లాడితే వింటారా? తెలుగువాళ్లందరినీ ఒకే డిస్ట్రిక్టులో పెట్టమని అడగొచ్చా?

జవాబు: వింటారమ్మా, తప్పకుండా మాట్లాడండి. ఇక్కడ డిస్ట్రిక్టులు గీసేది ఓటర్ల లెక్కన కాదు, మొత్తం జనాభా లెక్కన. వీసా మీద ఉన్నవాళ్లు, బడికెళ్లే పిల్లలు, అందరూ అందులో వస్తారు. ఓటర్లనే లెక్కపెట్టాలని టెక్సస్ నుంచి కొందరు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. మొత్తం జనాభాతో గీయడం సబబేనని 2016లో తీర్పొచ్చింది. అందుకే 2030లో సెన్సస్ ఫారం వస్తే పక్కన పడేయకండి. చంటిపిల్లతో సహా ఇంట్లో ఉన్న అందరినీ రాయండి.

ఇక హద్దుల సంగతి. ఫ్రీమాంట్‌లో 2018 ఎన్నికల నుంచి ఆరు డిస్ట్రిక్టులు. కాలిఫోర్నియా 2019లో చేసిన చట్టం ఏది ముందు, ఏది వెనక అన్నది కూడా చెప్పింది. జనాభా దాదాపు సమానంగా ఉండాలి, 1965 నాటి ఓటుహక్కుల చట్టాన్ని మీరకూడదు. ఆ తర్వాత డిస్ట్రిక్టంతా ఒకే ముక్కగా ఉండాలి, మూలకు మూల తగిలితే చాలదు. ఒకే రకం అవసరాలున్న పేటలను చీల్చకూడదు. హద్దు 880 ఫ్రీవేలాగానో రైలుపట్టాలలాగానో అందరికీ తెలిసేదై ఉండాలి. పక్కనున్న జనాన్ని వదిలేసి దూరంవాళ్లను కలుపుకోకూడదు. ఏ పార్టీకీ మేలు చేయాలని గీయకూడదు.

వీటిలో మీ మాట నిజంగా పనికొచ్చేది పేటల దగ్గరే. జనాభా లెక్క కంప్యూటర్ చేస్తుంది. మీ వీధి ఎలా బతుకుతోందో మీరే చెప్పాలి. "తెలుగువాళ్లం ఎక్కువమందిమి, కలిపి ఉంచండి" అని మాత్రం ఆగిపోకండి. హైదరాబాద్ డివిజన్లలోలాగా ఇక్కడ రిజర్వేషన్లు ఉండవు. జాతి చూసే గీత గీశారని తేలితే కోర్టులో నిలవడం కష్టం. దానికి బదులు ఇలా చెప్పండి: "ఈ రోడ్డుకి ఇటున్న అపార్ట్‌మెంట్ల పిల్లలు అటున్న ఎలిమెంటరీ స్కూలుకే నడిచి వెళ్తారు. పొద్దున ఎనిమిదింటికి కార్లు ఆగవు. క్రాసింగ్ దగ్గర సిగ్నల్ కావాలని రెండువైపులవాళ్లం కలిసే అడుగుతున్నాం. గీత ఈ రోడ్డు మీద పడితే మా అర్జీ ఇద్దరు కౌన్సిల్ సభ్యుల మధ్య తిరుగుతుంది." ఇందులో తెలుగువాళ్లతోపాటు మెక్సికన్, చైనీస్ ఇళ్లవాళ్లూ ఉంటారు. నా దృష్టిలో న్యాయమైన పేట అంటే అదే, బలమైన వాదనా అదే.

ఫలానా సభ్యుడు మంచివాడు, ఆయన డిస్ట్రిక్టులోనే ఉంచండి అని అడగొద్దు. పార్టీలతో, పదవిలో ఉన్నవాళ్లతో ఉన్న సంబంధాన్ని చట్టం పేట కింద లెక్కపెట్టదు. పదవిలో ఉన్నవాళ్లే తెరవెనక గీతలు మాట్లాడుకుంటే ఏమవుతుందో లాస్ ఏంజెలెస్‌లో చూశాం. 2022లో ఆ సంభాషణ రికార్డింగు బయటపడి కౌన్సిల్ అధ్యక్షురాలు నూరీ మార్టినెజ్ రాజీనామా చేశారు. 2024లో అక్కడి ఓటర్లు ఆ పనిని స్వతంత్ర కమిషన్‌కి అప్పజెప్పారు.

హద్దుల మీద జనం మాట వినడానికి సిటీ పెట్టే విచారణల్లో కనీసం ఒకటి శని, ఆదివారాల్లోనో, పనిరోజు సాయంత్రం ఆరు తర్వాతో పెట్టాలని 2019 చట్టంలోనే ఉంది, కాబట్టి ఆఫీసు అడ్డం కాదు. మైకు దగ్గర దొరికేది కొద్ది నిమిషాలే. మీ పేట హద్దులు నాలుగువైపులా వీధుల పేర్లతో కాగితం మీద రాసి, సిటీ క్లర్కుకి ముందే పంపండి.