నంబరు ప్లేటు లేదని ఆపుతున్నారు, ఏం చేయాలి?

ప్రశ్న: ఇంటర్ చదివే మా పాప కోసం చిన్న ఎలక్ట్రిక్ బండి కొన్నాం. లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదని అంగట్లో చెప్పారు. స్పీడు పాతిక దాటదు. కానీ అచ్చం ఇలాంటి బండ్లనే యాభై మీద తోలే కుర్రాళ్ల పుణ్యమాని ట్రంకు రోడ్డులో పోలీసులు మా పాపనీ ఆపుతున్నారు. మెకానిక్ ఏమో "స్పీడు లాక్ తీసేస్తానక్కా, నలభై పోద్ది" అంటున్నాడు. తీయించమంటారా?
- ఒక తల్లి, కావలి

జవాబు: ముందు ఆ మెకానిక్ దగ్గరికి బండి పోనీయకండమ్మా. మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండి, టెస్టింగ్ సంస్థ ఆమోదం పొందితే కేంద్ర నిబంధనల ప్రకారం అది మోటారు వాహనమే కాదు, లైసెన్సు, ఇన్సూరెన్సు అడగనిది అందుకే. లాక్ తీయడం అంటే చాలా బండ్లలో కంట్రోలర్ (మోటారు స్పీడుని అదుపులో పెట్టే పెట్టె) దగ్గర ఒక వైరు కనెక్టర్ ఊడదీయడం, అంతే. కానీ ఊడదీశాక అది మోటార్‌సైకిల్ కిందకి వస్తుంది, నంబరు లేదు, ఇన్సూరెన్సు లేదు, పైగా నడిపేది మైనరు. 2019లో సవరించిన చట్టంలో మైనరు కేసు పడితే తల్లిదండ్రులకి 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు కూడా ఉంది. ఎవరికైనా తగిలిస్తే నష్టపరిహారం మీ జేబులోంచే.

అన్ని బండ్లకీ నంబరు పెట్టేస్తే పోలా అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. పాతిక లోపు పోయే పెద్దాయన్ని ఆర్టీఓ ఆఫీసు చుట్టూ తిప్పి ఏం సాధిస్తాం? లాక్ తీసే షెడ్డునీ, పెద్ద మోటారు పెట్టి 250 స్టిక్కర్ అంటించి అమ్మే అంగడినీ పట్టుకోవాలి గానీ. రోడ్డు మీద ఆపినా చూడాల్సింది ప్లేటు కాదు, బండి ఎంత స్పీడు పోతుందో, మోటారు ఎన్ని వాట్లో.

ఈలోగా పాపకి టెన్షన్ లేకుండా ఒక పని చేయండి. మీ మోడల్‌కి పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి సంస్థ ఇచ్చిన సర్టిఫికెట్ కాపీ అంగట్లో అడిగి తీసుకోండి, మోడల్ పేరున్న బిల్లుతో కలిపి జిరాక్స్ డిక్కీలో పెట్టండి, ఫోన్లోనూ ఫొటో ఉంచండి. ఆపినప్పుడు వాదన పెట్టుకోకుండా అవి చూపిస్తే చాలు. "కంపెనీ నుంచి రావాలండీ" అని అంగడాయన నసుగుతూ రోజులు గడిపితే మాత్రం అనుమానించాల్సింది మీ బండినే, అది ఆమోదం లేని సరుకు అయ్యుండొచ్చు. అప్పుడు బిల్లు పట్టుకెళ్లి డబ్బు వెనక్కి అడగండి, ఇవ్వనంటే వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు.