నిన్న చేసినవాడు ఇవాళ ఎందుకు చేయడు?

"తొమ్మిదేళ్ల బాబు. నిన్న పది లెక్కలూ తప్పులేకుండా చేశాడు, ఇవాళ మూడు చేయలేక పెన్సిల్ విసిరేశాడు. కావాలనే చేస్తున్నాడా?" అని ఒకరు అడిగారు. కావాలని కాదండీ. ఏడీహెచ్‌డీ (శ్రద్ధ నిలపలేకపోవడం, అతిచురుకుదనం, తొందరపాటు ఉండే మెదడు ఎదుగుదల సమస్య) ఉన్న మా రెండోవాడిని ఇక్కడ ఒడిశాలోని రాయగడలో పెంచుతున్నాను. నేను చూసినంతలో ఈ నిలకడలేనితనమే దానికి పెద్ద గుర్తు.

పరిశోధనల్లోనూ పదేపదే కనిపించేది ఇదే. తెర మీద బొమ్మ రాగానే మీట నొక్కమంటే ఈ పిల్లలు ఒకసారి చటుక్కున నొక్కుతారు, ఇంకోసారి బాగా ఆలస్యం చేస్తారు. మిగతా పిల్లల్లో ఇంత హెచ్చుతగ్గు ఉండదు. శ్రద్ధ లేకపోవడం కాదు, దాన్ని కావలసినచోట నిలపడం వాళ్లకి కష్టం. నచ్చిన ఆటలో మాత్రం కదలకుండా కూర్చుంటారు. అది చూసి "ఆటకైతే వస్తుందే" అని చుట్టాలు దెప్పితే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

విన్నదాన్ని పని అయ్యేదాకా మనసులో పట్టి ఉంచుకోవడాన్ని వర్కింగ్ మెమరీ అంటారు. ఇది చాలామందిలో బలహీనంగా ఉంటుంది. మావాడిని కొట్టుకి పంపి చింతపండు, అగ్గిపెట్టె, పావుకిలో సెనగపప్పు తెమ్మంటే, చింతపండు తెచ్చి గుమ్మంలో నిలబడి "ఇంకేం చెప్పావమ్మా?" అంటాడు. చీటీ రాసిస్తే మూడూ వస్తాయి. 47ని 6తో గుణించమంటే ఆరు ఏడులు నలభై రెండు అని ఠక్కున చెబుతాడు, చేతిలో ఉన్న నాలుగును కలపడం మరిచిపోతాడు. ఎక్కం రాక కాదు. ఆ నాలుగును పైన గడి గీసి రాయిస్తాను.

"ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, అందుకే తికమక" అని ఇక్కడ అందరూ అంటారు. రెండు భాషల వల్ల ఏడీహెచ్‌డీ రాదు. విశాఖలో డాక్టరు గారు ముందు అడిగింది అదే: ఇంట్లో తెలుగులో చెప్పినా ఇంతేనా? ఏడీహెచ్‌డీ అని తేల్చాలంటే లక్షణాలు 12 ఏళ్లలోపే మొదలై, కనీసం 6 నెలలుగా, ఒకటికి మించిన చోట్ల కనిపించాలి. ఒడియా క్లాసులో తప్ప ఇంకెక్కడా ఇబ్బంది లేకపోతే ముందు భాష, చూపు, వినికిడి చూడాలి. బడిలో వాడి తీరు గురించి టీచరు నింపాల్సిన ఫారం ఇంగ్లీషులో ఉంది. నేనూ ఆవిడా కూర్చుని ఒక్కో ప్రశ్ననూ ఒడియాలో చెప్పుకుంటూ నింపాం. సగానికి వచ్చేసరికి ఆవిడే ఉదాహరణలు చెప్పసాగారు.

మెమరీ టెస్టులో మార్కులు మామూలుగా వచ్చినా ఏడీహెచ్‌డీ లేదని తేల్చేయకండి. ప్రశాంతమైన గదిలో, ఒక్కరే ఎదురుగా ఉంటే చాలామంది పిల్లలు బాగానే చేస్తారు.

2007లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ పరిశోధకులు మెదడు స్కాన్లు పోల్చి చూస్తే, మెదడు పైపొర ఎదుగుదల ఈ పిల్లల్లో సగటున 3 ఏళ్లు ఆలస్యంగా ఉంది, ముందుభాగంలో మరీను. ఎదిగే క్రమం అందరిదీ ఒకటే, ఆలస్యమే తేడా.

పది లెక్కలు ఒకేసారి ఇవ్వకండి. మూడు ఇచ్చి, అక్కడే దిద్ది, మెచ్చుకుని, మరో మూడు ఇవ్వండి. మెప్పు వెంటనే అందాలి, పరీక్షల తర్వాత కొంటామన్న సైకిలు వాళ్లకి చాలా దూరం. డాక్టరు మిథైల్‌ఫెనిడేట్ (ఏడీహెచ్‌డీకి వాడే మందు) రాస్తే భయపడకండి, ఆకలి, నిద్ర ఎలా ఉన్నాయో మాత్రం గమనించి ఆయనకు చెబుతుండండి.