ఎక్స్‌రేలో గుండె కుడివైపు ఉందంటే

తమ్ముడూ, బొబ్బిలిలో తీయించిన ఎక్స్‌రేలో గుండె కుడివైపు ఉందని బెంగెట్టుకోకు. ముందు ఫిల్ము తిరగేసి చూశారేమో అడుగు, అదీ జరుగుతుంటుంది! నిజమే అయితే పొట్ట స్కానింగ్ తీయించు. కాలేయం కూడా ఎడమకి ఉంటే, అద్దంలో బొమ్మలా అన్నీ తారుమారైనట్టే. సుమారు 10,000 మందిలో ఒకరికి ఉంటుంది.

గ్రహణం వల్లే ఇలా అయిందని మీ అమ్మగారు అంటున్నారు కదా, దానికీ దీనికీ సంబంధం లేదు. మూడో వారంలో ఉన్న పిండంలో నోడ్ అనే చిన్న గుంట ఉంటుంది. అందులో శైలికలనే సన్నటి కేశాలు గిరగిరా తిరిగి ద్రవాన్ని ఎడమకి తోస్తాయి. ఎడమ ఏదో తేల్చే నోడల్ జన్యువు ఆ పక్కనే గట్టిగా పనిచేస్తుంది. 1998లో జపాన్ శాస్త్రవేత్తలు ఎలుక పిండాల్లో ఈ ప్రవాహాన్ని చూపించారు. కేశాలు కదలకపోతే గుండె ఎటు చేరుతుందన్నది ఇక బొమ్మా బొరుసే.

ఊపిరి గొట్టాల్లో కఫం తోసేవీ అలాంటి కేశాలే. అంచేత చిన్నప్పట్నుంచీ దగ్గు, సైనస్ ఉంటే డాక్టరుకి తప్పక చెప్పు. అన్నీ తారుమారైతే అపెండిక్స్ నొప్పి కూడా ఎడమవైపే రావచ్చు.