తొలి గిటారు కొనే ముందు తీగ ఎత్తు చూడండి

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి పరీక్షలు రాసింది. సెలవుల్లో గిటారు నేర్చుకుంటానంటోంది. సినిమా పాటలు వాయిస్తూ పాడుకోవాలన్నది తన కోరిక. నెల్లూరులో ఒక దుకాణంలో 3,000 రూపాయలకు ఒకటి, 9,000కు ఒకటి చూపించారు. నా కళ్లకు రెండూ ఒకేలా కనిపించాయి. నేర్చుకుంటుందో, నెలకే మానేస్తుందో తెలియనప్పుడు ముందు చవకది కొనడం మేలు కాదా? నైలాన్ తీగలదైతే వేళ్లు నొప్పి పుట్టవంటున్నారు, నిజమేనా?
— ఒక తల్లి, కావలి

జవాబు: అమ్మా, మానేస్తుందేమోనన్న అనుమానంతో కొన్న చవక గిటారే పిల్లలు మానేయడానికి కారణం కావడం నేను చాలాసార్లు చూశాను. అందుకే మీ ప్రశ్నకు కొంచెం వివరంగా జవాబు చెబుతాను.

వీణకు మెట్లు ఉన్నట్టే గిటారు మెడ మీద ఫ్రెట్లు అనే లోహపు కడ్డీలు ఉంటాయి. తీగను నొక్కి ఫ్రెట్‌కు ఆనించినప్పుడు స్వరం పలుకుతుంది. నొక్కక ముందు ఆ రెండింటి మధ్య ఉండే ఎత్తును వాయించేవాళ్లు యాక్షన్ అంటారు. ఇది ఒక్క మిల్లీమీటరు ఎక్కువైనా వేలికి పడే శ్రమ బాగా పెరుగుతుంది. పైగా తీగను అంత దూరం లాగి నొక్కవలసి రావడంతో స్వరం కూడా ఉండవలసిన చోటు కంటే పైకి జరుగుతుంది. అంటే వేలు నొప్పి పుడుతుంది, వినిపించేది అపశ్రుతిగా ఉంటుంది. కొత్తగా నేర్చుకునే పిల్లకు ఆ తప్పు గిటారుదని తెలియదు, తన చేతిలోనే విద్య లేదనుకుంటుంది. నా మొదటి గిటారుతో నాకు జరిగింది ఇదే. ఎనిమిది నెలలు దాన్ని గోడకు ఆనించి వదిలేశాను. తరువాత ఒక మరమ్మతుదారు గిటారు ఒంటి మీద తీగలను బిగించే చెక్క ముక్క, అంటే వంతెన (బ్రిడ్జి), మీది ఎముకరంగు పట్టీని, అంటే శాడిల్‌ను, అడుగున అరగదీసి తీగలను దించి ఇచ్చిన రోజు సాయంత్రమే, అంతవరకు పలకని కార్డు (కొన్ని స్వరాలను ఒకేసారి పలికించే పట్టు) నా చేతిలో పలికింది. ఆ ఎనిమిది నెలలు పోయాయన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. మీ అమ్మాయికి అలా జరగకూడదని కోరుకుంటున్నాను.

దుకాణానికి వెళ్లేటప్పుడు అంచు నుంచే సున్నా మొదలయ్యే చిన్న స్టీలు స్కేలు ఒకటి తీసుకువెళ్లండి. పిల్లల ప్లాస్టిక్ స్కేలుకు అంచు దగ్గర కొంత ఖాళీ ఉంటుంది కనుక అది పనికిరాదు. గిటారును శ్రుతి చేయించిన తరువాత 12వ ఫ్రెట్ పైభాగం నుంచి తీగ అడుగు వరకు కొలవండి. స్టీలు తీగల గిటారులో అన్నిటికంటే లావైన ఆరవ తీగ దగ్గర సుమారు 2.5 మిల్లీమీటర్లు, సన్నని మొదటి తీగ దగ్గర సుమారు 2 మిల్లీమీటర్లు ఉంటే మంచిది. 3.5 దాటితే, దించి ఇస్తేనే కొంటామని చెప్పండి. తరువాత ఏదైనా తీగను మూడవ ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టుకుని మొదటి ఫ్రెట్ వైపు చూడండి. అక్కడ వెంట్రుకవాసి సందు మాత్రమే ఉండాలి. ఎక్కువగా ఉంటే మెడ చివర తీగలు ఆనే నట్ ఎత్తుగా ఉన్నట్టు. నేర్చుకునేవాళ్లు మొదట వాయించే కార్డులన్నీ ఆ చివరే ఉంటాయి కనుక అసలు కష్టం అక్కడే ఎదురవుతుంది.

శ్రుతి శుద్ధంగా ఉందో లేదో చూడటం సంగీతం తెలిసిన చెవికి కష్టం కాదు. 12వ ఫ్రెట్ తీగకు సరిగ్గా సగంలో ఉంటుంది. అక్కడ తీగను నొక్కకుండా వేలు తాకీ తాకనట్టు ఉంచి మీటి, వెంటనే తీస్తే గంట మోగినట్టు ఒక నాదం వస్తుంది. అదే చోట నొక్కి మీటితే వచ్చే స్వరం దానితో ఏకం కావాలి. తేడా స్పష్టంగా వినిపిస్తే ఆ గిటారు ఎంత చవకైనా వద్దు. మీ ఇంట్లోనో పక్కింట్లోనో కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లుంటే, గిటారు రాకపోయినా సరే, వెంట తీసుకువెళ్లండి.

ఇక ధర సంగతి. ఆరు స్టీలు తీగలు శ్రుతిలో ఉన్నప్పుడు వంతెన మీద మొత్తంగా దాదాపు 70 కిలోల లాగుడు ఉంటుంది. ఆ లాగుడుకు మెడ వంగితే సరిచేయడానికి మెడ లోపల ట్రస్ రాడ్ అనే ఉక్కు కడ్డీ ఉండాలి. బాగా చవక రకాలలో కొన్నింటికి అది ఉండదు, లేదా ఉన్నా తిప్పితే పనిచేయదు. అటువంటి గిటారు కొన్ననాడు బాగున్నా ఆరు నెలలకు యాక్షన్ పెరిగిపోతుంది. కాబట్టి 8,000 నుంచి 12,000 రూపాయల మధ్య పెట్టగలిగితే పెట్టండి, అందులోనే కొంత సొమ్మును సెటప్ కోసం, అంటే తీగల ఎత్తు సరిచేయించడం కోసం, విడిగా ఉంచండి. యమహా ఎఫ్310 లాంటి గిటారుకు పైపలక పొరలు అతికించిన లామినేట్ చెక్కే. దాన్ని లోపంగా భావించకండి. ఒకే పలకతో చేసిన సాలిడ్ టాప్ నాదం మరింత నిండుగా ఉంటుందన్నది నిజమే కానీ, మేలో పడమటి గాలికి ఎండి, కార్తీక మాసపు వానలకు ఉబ్బే మన తీరప్రాంతంలో పొరల చెక్క తక్కువగా కదులుతుంది. తొలి గిటారుకు అది నిశ్చింత. ప్లగ్గు పెట్టుకునే పికప్ ఉన్నది ఇప్పుడు అవసరం లేదు.

నైలాన్ తీగలు వేలికి మెత్తగా ఉంటాయన్నది నిజమే. వాటి లాగుడు స్టీలు తీగలతో పోలిస్తే దాదాపు సగమే. అయితే నైలాన్ తీగలు వేసే క్లాసికల్ గిటారు మెడ నట్ దగ్గర 50 మిల్లీమీటర్లు దాటి వెడల్పుగా ఉంటుంది, స్టీలు గిటారుకు 43 ఉంటుంది. చిన్న చేతికి ఆ వెడల్పు మరో రకమైన కష్టం. లండన్ ట్రినిటీ కాలేజీ నిర్వహించే క్లాసికల్ గిటారు పరీక్షల వైపు వెళ్లాలనుకుంటే నైలానే సరైన దారి. మీ అమ్మాయి పాడుతూ కార్డులు వాయించుకోవాలనుకుంటోంది కనుక నేనైతే స్టీలు గిటారుకు 0.010 అంగుళాల సన్న తీగల సెట్ వేయించి ఇస్తాను. రోజూ రెండు పూటలా పదిహేను నిమిషాలు వాయిస్తే రెండు మూడు వారాలలో వేళ్ల కొసలు గట్టిపడతాయి. ఒక్క హెచ్చరిక: క్లాసికల్ గిటారుకు ఎప్పుడూ స్టీలు తీగలు వేయకండి, ఆ లాగుడుకు వంతెన ఊడివస్తుంది.

పరిమాణం కాగితం మీద చూసి నిర్ణయించవద్దు. అమ్మాయినే కుర్చీలో కూర్చోబెట్టి గిటారు ఒడిలో పెట్టండి. కుడి భుజం పైకి లేవకుండా చేయి తీగల మీదికి చేరాలి. డ్రెడ్‌నాట్ అనే 41 అంగుళాల పెద్ద ఒళ్లున్న గిటారు మీద భుజం ఎగిసిపోతుంటే కొంచెం చిన్న ఒళ్లున్నది అడగండి. చెన్నై వెళ్లే పని ఎలాగూ ఉంటే అన్నా సాలైలో 1842 నుంచి ఉన్న మ్యూసీ మ్యూజికల్‌లో నాలుగైదు రకాలు పక్కపక్కన పట్టుకుని చూడవచ్చు. అందుకోసమే ప్రయాణం పెట్టుకోనక్కరలేదు.

ప్రశ్న: మా కాలేజీ హాస్టల్లో సీనియర్ ఒకరు నాలుగేళ్లు వాడిన గిటారును సగం ధరకు ఇస్తానంటున్నారు. తీసుకోవచ్చా?
— ఇంజనీరింగ్ విద్యార్థి, ఒంగోలు

జవాబు: తీసుకోవచ్చు. నాలుగేళ్లు తీగల లాగుడును తట్టుకుని నిటారుగా నిలబడిన మెడను కొత్తదాని కంటే ఎక్కువ నమ్మవచ్చు. ముందు వంతెన వెనక అంచు చూడండి. అక్కడ ఒక పలుచని కాగితం దూర్చి చూస్తే లోపలికి వెళ్లకూడదు. వెళ్లిందంటే జిగురు వదులుతోంది, ఆ గిటారు వద్దు. ఆరవ తీగను మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, 14వ ఫ్రెట్ దగ్గర మరో చేత్తో నొక్కి, 7వ ఫ్రెట్ దగ్గర సందు ఎంతుందో స్నేహితుణ్ని చూడమనండి. విజిటింగ్ కార్డు మందం లోపల ఉంటే మెడ బాగున్నట్టే. అంతకంటే ఎక్కువుంటే ట్రస్ రాడ్‌తో సరిచేయించవచ్చు కానీ, తెలిసినవాళ్లతోనే, ఒక్కసారికి పావు చుట్టు మించకుండా తిప్పించాలి. ప్రతి తీగనూ ప్రతి ఫ్రెట్ మీదా ఒక్కసారైనా మీటి వినండి, గరగర శబ్దం ఎక్కడొస్తోందో గుర్తు పెట్టుకుని దానిని బట్టి ధర మాట్లాడండి. తీగలు ఎలాగూ పాతబడి ఉంటాయి కనుక కొత్త సెట్ ఖర్చు లెక్కలో వేసుకోండి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో కొన్న గిటారు నిన్ననే వచ్చింది. మాది సముద్రానికి దగ్గర. ఎలా భద్రపరచాలి?
— ఒక పాఠకుడు, కొత్తపట్నం

జవాబు: వాపసు గడువు ముగిసేలోపు పైన చెప్పిన కొలతలన్నీ తీయండి, ముఖ్యంగా మెడ ఒంటితో కలిసే చోట సన్నని పగులు ఉందేమో టార్చి వేసి చూడండి. ఉప్పుగాలికి తీగలు త్వరగా తుప్పు పడతాయి. వాయించిన ప్రతిసారీ పొడి నూలుగుడ్డతో తీగల పైనా కిందా తుడవండి. మీ ఊళ్లో మూడు నాలుగు నెలలకు ఒకసారి తీగలు మార్చవలసి రావచ్చు. గిటారును బయటి గోడకు తగిలించకండి, వానాకాలంలో ఆ గోడ చెమ్మ నేరుగా చెక్కలోకి ఎక్కుతుంది. ఎండాకాలంలో మూసి ఉంచిన కారులో ఒక్క గంట కూడా వదలవద్దు. ఆ వేడికి జిగురు మెత్తబడి, తీగల లాగుడుకు వంతెన లేస్తుంది. లోపలి గది బీరువా పక్కన, సంచిలో, శ్రుతి తగ్గించకుండా అలాగే ఉంచవచ్చు. నెల రోజులకు పైగా ఊరు వెళ్తుంటే మాత్రం తీగలను ఒక స్వరం మేరకు వదులు చేసి వెళ్లండి.