డ్రిల్ మిషన్ చక్ మంచిదో కాదో ఎలా తెలుస్తుంది? ఇంట్లోనే మార్చుకోవచ్చా?

మీరు అడిగింది ఇదీ: ఐదేళ్ళనాటి 13 ఎంఎం డ్రిల్ మిషన్, ఎంత బిగించినా చక్‌లోంచి (బిట్టుని పట్టుకునే మూతి) బిట్టు జారిపోతోంది, తిరిగేటప్పుడు ఊగుతోంది. షాపులో 250 రూపాయల చక్ నుంచి 1500 రూపాయల చక్ దాకా చూపించారు. తేడా ఏంటి, మీరే మార్చుకోవచ్చా అని.

మార్చుకోవచ్చు. అరగంట పని. మొదటిసారి నాకు మాత్రం రెండు రోజులు పట్టింది, అదీ ఒక చిన్న స్క్రూ వల్ల. ఆ సంగతి కింద చెప్తాను.

నాది విజయవాడలో అల్యూమినియం కిటికీలు, పార్టిషన్ల పని. రోజుకి కనీసం యాభై రంధ్రాలు వేస్తాం. చక్ గురించి నాకు తెలిసిందంతా మా బాబాయి దగ్గర నేర్చుకున్నదే. ఆయనకి ఆటోనగర్‌లో లేత్ ఉంది. చక్ పోయిందని మొదటిసారి ఆయన దగ్గరికి వెళ్తే, "చక్ పోయిందని నీకెవరు చెప్పార్రా? బిట్టు చెప్పిందా?" అని అడిగాడు. వెటకారంగా అడిగినా అసలు ప్రశ్న అదే. బిట్టు ఊగితే తప్పు ముగ్గురిలో ఎవరిదైనా కావచ్చు: బిట్టుది, చక్‌ది, లేదా చక్ ఎక్కి కూర్చునే స్పిండిల్‌ది, అంటే మిషన్‌లోంచి బయటికొచ్చి తిరిగే ఇరుసుది.

ఎవరిదో తేల్చడానికి ఒక మార్కర్ పెన్ను చాలు. బిట్టు బిగించి, మిషన్ని బల్లమీద గట్టిగా ఆనించి, మెల్లగా తిప్పండి. బిట్టు కాడకి, అంటే పదును లేని నున్నటి భాగానికి, మార్కర్ కొనని తగిలీ తగలనట్టు పెట్టండి. ఊగుతుంటే ఎత్తుగా వచ్చే వైపే గీత పడుతుంది. మిషన్ ఆపి, బిట్టు వదులుచేసి, చక్‌లోనే మూడోవంతు తిప్పి మళ్ళీ బిగించి ఇంకోసారి గీయండి. గీత మళ్ళీ బిట్టుమీద అదే చోట పడితే బిట్టే వంకర, పారేయండి. గీత బిట్టుమీద చోటు మారి, చక్‌లో మాత్రం అదే పన్ను (బిట్టుని పట్టే మూడు ముక్కల్లో ఒకటి) ఎదురుగా పడితే తప్పు చక్‌దో స్పిండిల్‌దో. ఇక చక్ ఊడదీసి ఒట్టి స్పిండిల్‌ని తిప్పి చూడాల్సిందే. దాని కొన కూడా గుండ్రంగా ఊగుతుంటే మీరు 1500 పెట్టి కొన్నా లాభం లేదు.

ఇది నేను డబ్బు పోగొట్టుకుని తెలుసుకున్నాను. మా కుర్రాడు నిచ్చెన మీంచి మిషన్ వదిలేశాడు, అది చక్ మీదే పడింది. స్పిండిల్ వంగిందని తెలియక వరుసగా రెండు చక్‌లు మార్చాను. రెండూ ఊగాయి. రెండు కంపెనీలనీ తిట్టుకున్నాను, పాపం.

మీ విషయంలో ఊగడంతోపాటు జారడం కూడా ఉంది కాబట్టి చక్ అరిగిందనే నా అనుమానం. చక్ నోరు పూర్తిగా తెరిచి, టార్చి వేసి మూడు పళ్ళనీ చూడండి. పళ్ళ కొనలు గంటలాగా బయటికి విచ్చుకుని ఉంటే, అంచులు మెరిసిపోయి గుండ్రబడి ఉంటే, దాని పని అయిపోయింది. అలాంటి చక్ బిట్టుని లోపల పట్టుకుంటుంది కానీ మూతి దగ్గర పట్టుకోదు, అందుకే ఊగుతుంది. బిట్టు కాడ మీద చుట్టూరా గీరుకున్న గీతలుంటే జారుతూ తిరిగిందని అర్థం.

ఎందుకు అరిగిందో కూడా చెప్తాను, లేకపోతే కొత్తదీ అలాగే పోతుంది. మనవాళ్ళు ఎక్కువమంది హ్యామర్ మిషన్‌కి వాడే ఎస్‌డీఎస్ బిట్టుని తెచ్చి మామూలు చక్‌లో బిగిస్తారు. దాని కాడ 10 ఎంఎం, దానికి నాలుగు వైపులా గాళ్ళుంటాయి. మూడు పళ్ళున్న చక్ నాలుగు గాళ్ళున్న కాడని సమంగా ఎలా పట్టుకుంటుంది? ఒక పన్ను గాడిలోకి దిగుతుంది, మిగతా రెండు అంచుల మీద నిలబడతాయి. ఆ మీద హ్యామర్ మోడ్‌లో టకటకమని కొడితే పళ్ళు పాడవక ఏమవుతాయి? రెండోది సీలింగ్ పని. తల పైకెత్తి రంధ్రం వేస్తున్నంతసేపూ సిమెంటు పొడి తిన్నగా చక్ నోట్లోకి రాలుతుంది. దానిమీద ఎవరో ఒకరు "బిగుసుకుపోయింది" అని నూనె పోస్తారు. నూనె, సిమెంటు కలిస్తే సానబట్టే ముద్ద తయారవుతుంది. నేను ఒక పాత పెయింటు బ్రష్షుతో కిరసనాయిలు పెట్టి కడిగి, ఆరనిచ్చి, ఆ తర్వాత ఒక్క చుక్క నూనె వేస్తాను.

ఇప్పుడు షాపు సంగతి. వెళ్ళేటప్పుడు జేబులో మీ సొంత బిట్లు రెండు పెట్టుకెళ్ళండి: 2 ఎంఎంది ఒకటి, 10 ఎంఎంది ఒకటి, రెండూ వంకర లేనివి. మొదట చక్‌ని పూర్తిగా మూసి కొనని వెలుగులోకి పట్టి చూడండి. మూడు పళ్ళూ ఒకే బిందువు దగ్గర, ఒకే ఎత్తులో కలవాలి. ఒకటి ముందుకొచ్చి రెండు వెనకబడితే ఆ చక్‌ని అక్కడే పెట్టేయండి. ఒక్కో పన్ను వెనకా మర ఉంటుంది. మూడు పళ్ళ మరలూ ఒక్కో మెట్టు తేడాతో కోసి ఉంటాయి, వాటి స్థానాలు మార్చకూడదు. ఒకసారి చక్ విప్పి కడిగాక నేను రెండు పళ్ళని అటుదిటు పెట్టేశాను. ఎంత తిప్పినా ఒకటి ముందే వచ్చి కూర్చునేది. అప్పట్నుంచి విప్పే ముందు మార్కర్‌తో నంబర్లు వేసుకుంటున్నాను.

తర్వాత 2 ఎంఎం బిట్టు బిగించండి. "1.5 నుంచి 13" అని రాసుంటుంది కానీ చవక చక్‌లలో చాలావాటికి సన్న బిట్టు సందులోంచి జారి లోపలికి పోతుంది, లేదా రెండు పళ్ళ మధ్య పక్కకి పడుకుంటుంది. పై గొట్టాన్ని ఉత్త వేళ్ళతో మొదటి నుంచి చివరి దాకా తిప్పండి. ఒకచోట తేలిగ్గా, ఒకచోట బిగుతుగా వస్తే లోపలి మర సరిగ్గా కోయలేదన్నమాట. కీ, అంటే చక్‌ని బిగించే పళ్ళ తాళం, పెట్టి చూడండి. కీ మూతి రంధ్రంలో దిగాక లొడలొడలాడకూడదు. కీ పళ్ళు చక్ చుట్టూ ఉండే గేరు పళ్ళలో సగమే ఆనుతుంటే ఆర్నెల్లలో రెండూ కలిసి అరిగిపోతాయి. చాలామంది చక్‌ని చేత్తో ఎత్తి "బరువుంది, మంచిదే" అంటారు. బరువు చూసి కొంటే సుత్తి కొనుక్కోవాలి.

ఉక్కు గట్టిదా మెత్తదా తెలియాలంటే పన్ను పక్క అంచుమీద చిన్న ఆకురాయిని ఒకసారి గీయాలి. జారితే గట్టిది, కోసుకుంటే మెత్తది. షాపువాడు ఒప్పుకోడు. మా బాబాయి చేత్తో చూపించి అడుగుతాడు, ఆయన వయసు చూసి ఎవరూ కాదనరు. మనం ఇంటికెళ్ళి పాత చక్ మీద గీసి ఆ తేడా తెలుసుకోవడమే.

కీ ఉన్నదా, కీ లేకుండా చేత్తోనే బిగించే కీలెస్సా అని కూడా ఆలోచిస్తుంటారు. గోడకి, కాంక్రీటుకి, హ్యామర్ మోడ్‌కి అయితే నేను కీ ఉన్నదే వాడతాను. కీలెస్ మంచిది కొంటే కర్రకి, రేకుకి హాయిగా ఉంటుంది. చవకది కొంటే హ్యామర్ అదురుకి దానంతటదే వదులవుతుంది. ఈ కీ చక్‌ని అమెరికాలో ఆర్థర్ జేకబ్స్ అనే ఆయన 1902లో పేటెంట్ చేశాడు. పాతరకం చక్‌ని పానాతో తిప్పుతుంటే వేళ్ళ కణుపులు దెబ్బతిని విసుగొచ్చి ఇది కనిపెట్టాడని చెప్తారు. ఇప్పటికీ కొన్ని టేపర్ చక్‌ల (మర లేకుండా, సన్నబడే కొనమీద బిగిసేవి) వెనక జేటీ6, జేటీ33 అని ఉండేదాంట్లో 'జే' ఆయన పేరే.

వెనక రాసి ఉన్నదే అసలు కొలత. 13 ఎంఎం మిషన్లలో ఎక్కువగా 1/2-20 యూఎన్‌ఎఫ్ ఉంటుంది. అంటే మర బయటి కొలత అరంగుళం, 12.7 ఎంఎం; అంగుళానికి 20 మరలు; యూఎన్‌ఎఫ్ అనేది ఆ సన్న మర రకం పేరు. 10 ఎంఎం మిషన్లలో ఎక్కువగా 3/8-24, సుమారు 9.5 ఎంఎం. మీ పాత చక్ మీద ఏముందో అదే కొనండి. చెరిగిపోయుంటే పాత చక్‌నే పట్టుకెళ్ళండి. ధర విషయానికొస్తే 250ది వద్దంటాను. మీ పనికి 1500ది కూడా అక్కర్లేదు. నేను 500 నుంచి 700 మధ్యలో, పైన చెప్పినట్టు చూసి, నాలుగైదింట్లో ఒకటి ఏరుకుంటాను. ఒకే డబ్బాలో ఒకే పేరుతో ఉన్నవాటిలోనే ఎంత తేడా ఉంటుందో చూస్తే ఆశ్చర్యపోతారు.

ఇక మార్చడం. ప్లగ్ పీకండి, బ్యాటరీదైతే బ్యాటరీ తీసేయండి. చక్ నోరు పూర్తిగా తెరిచి లోపలికి టార్చి వేయండి. అడుగున ఒక స్క్రూ తల కనిపిస్తుంది. నా రెండు రోజులూ తినేసింది అదే. రివర్స్ తిరిగే మిషన్లలో ఆ స్క్రూకి ఎడమ మర ఉంటుంది. మామూలు స్క్రూ బిగించే వైపు, అంటే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే అది ఊడుతుంది. మిషన్ రివర్స్‌లో తిరిగినప్పుడు చక్ విడిపోకుండా ఆపడానికే అలా పెట్టారు. నాకది తెలీదు. ఎడమవైపు బలమంతా పెట్టి తిప్పాను, స్క్రూడ్రైవర్ జారి దాని తల గుండ్రంగా అరిగిపోయింది. చివరికి బాబాయి ఆ స్క్రూ తలని డ్రిల్‌తోనే తొలిచి తీశాడు. తొలుస్తున్నంతసేపూ ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

కాబట్టి స్క్రూ గాడికి నిండుగా సరిపోయే స్క్రూడ్రైవర్ తీసుకోండి. స్క్రూకి గమ్ము వేసి ఉంటే కదలదు. అప్పుడు వేడి చేసిన సోల్డరింగ్ ఐరన్ కొనని దాని తలమీద రెండు నిమిషాలు ఆనించి వెంటనే తిప్పండి. రివర్స్ లేని పాత మిషన్ అయితే అసలు స్క్రూ ఉండకపోవచ్చు, లేదని వెతుక్కుంటూ కూర్చోకండి.

స్క్రూ వచ్చాక చక్ మాత్రం మామూలు కుడి మరే. ఒక లావు అలెన్ కీ (ఎల్ ఆకారంలో వంచిన కడ్డీ) పొట్టి కొసని చక్‌లో బిగించి, మిషన్ని తక్కువ గేరులో పెట్టి, బల్ల అంచున పడుకోబెట్టండి. ఎదురుగా చూస్తే గడియారానికి వ్యతిరేక దిశలో చక్ తిరిగేట్టుగా, అలెన్ కీ పొడుగు కొసమీద సుత్తితో ఒక్క గట్టి దెబ్బ వేయండి. మెల్లగా లాగితే గేర్ల మీద భారం పడి స్పిండిల్ కూడా తిరిగిపోతుంది. ఠక్కున కొడితే అది తేరుకునేలోపే మర వదులుతుంది. రెండు మూడు దెబ్బలకి రావాలి. చక్ వెనక స్పిండిల్‌కి పానా పట్టే చదును భాగం ఉంటే పానాతో పట్టుకోండి, ఇంకా సులువు.

ఊడాక స్పిండిల్ మర గుడ్డతో తుడిచి, ఒట్టి స్పిండిల్‌ని ఒకసారి తిప్పి చూడటం మర్చిపోకండి. కొత్త చక్‌ని చేత్తోనే చివరి దాకా ఎక్కించండి, అడ్డంగా పట్టుకుంటే ఆపి మళ్ళీ మొదలుపెట్టండి. చక్ వెనక భాగం స్పిండిల్ భుజానికి సందు లేకుండా ఆనాలి. తర్వాత స్క్రూకి నీలం రంగు థ్రెడ్ లాకర్ (మర వదులవకుండా పట్టే గమ్ము) ఒక్క చుక్క వేసి, ఈసారి ఎడమవైపు తిప్పి బిగించండి. గట్టిగా కాదు, మణికట్టు బలం చాలు.

బిట్టు బిగించేటప్పుడు ఒక్క రంధ్రంలోనే కీ తిప్పి వదిలేయకండి. మూడింట్లోనూ వరసగా తిప్పండి. మొదటిది గట్టిగా బిగిసిందనుకున్నాక రెండోది ఇంకా పావు వంతు తిరగడం మీకే తెలుస్తుంది.

మీ మిషన్‌కి రివర్స్ స్విచ్ ఉందా, చక్ వెనక అంకెలు ఏమున్నాయి? ఈ రెండూ కింద రాయండి, ఏది సరిపోతుందో చెప్తాను.