ఫోటోలు తీసేస్తే ల్యాప్‌టాప్ వేగం పెరుగుతుందా?

ల్యాప్‌టాప్ నెమ్మదిస్తే ‘మెమరీ నిండిపోయింది, ఫోటోలు తీసేయాలి’ అనుకుంటాం. మెమరీ అనే ఒక్క మాటను స్టోరేజ్, ర్యామ్ అనే రెండు వేర్వేరు వస్తువులకు వాడడంతో వచ్చిన తంటా ఇది. డిస్కులో 300 జీబీ ఖాళీ ఉన్నా ల్యాప్‌టాప్ నత్తనడక నడుస్తోందంటే, పిల్లల ఫోటోలు తీసేసినా ఒరిగేదేమీ లేదు. వాటి జోలికి వెళ్లకండి.

ఫోటోలు, పాటలు ఉండేది స్టోరేజ్‌లో, అంటే హార్డ్ డిస్క్ లేదా ఎస్‌ఎస్‌డీలో (హార్డ్ డిస్క్ కంటే వేగంగా పనిచేసే రకం). అది అటక లాంటిది. కరెంటు పోయినా సామాను ఎక్కడికీ పోదు. ర్యామ్ వంటగట్టు లాంటిది. ప్రస్తుతం నడుస్తున్న పనులన్నీ దాని మీదే, కరెంటు పోతే అక్కడున్నవి పోతాయి. 4 జీబీ గట్టు మీద ఇరవై బ్రౌజర్ ట్యాబులు, పక్కనే ఆన్‌లైన్ క్లాసు పెడితే చోటు చాలదు. అప్పుడు విండోస్ కొన్నిటిని డిస్కులోకి తోస్తూ, అవసరమైనప్పుడు మళ్లీ తెచ్చుకుంటూ అవస్థ పడుతుంది.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కి చూడండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. మెమరీ (ఇక్కడ ర్యామ్ అని అర్థం) దగ్గర 90 శాతం దాటి ఉంటే ముందు ట్యాబులు మూసేయండి. రోజూ అదే పరిస్థితి అయితే ర్యామ్ పెంచుకోవాలి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో అది బోర్డుకే అతికించి ఉంటుంది, మార్చడం కుదరదు. కొనే ముందే అడగండి. మెమరీ బాగానే ఉండి పాత హార్డ్ డిస్క్ మాత్రం అక్కడే ఎప్పుడూ 100 శాతం చూపిస్తుంటే (నిండిందని కాదు, తీరిక లేదని), దాని బదులు ఎస్‌ఎస్‌డీ వేయించండి. తేడా మీకే తెలుస్తుంది.

సేవ్ చేయడమంటే గట్టు మీది పనిని అటకెక్కించడమే (ఈ ఒక్క చోటే ఆ మాటకు మంచి అర్థం!). అందుకే టైప్ చేస్తూ మధ్య మధ్యలో కంట్రోల్, ఎస్ నొక్కుతుండాలి.

అన్నట్టు, 1 టీబీ డిస్కు 931 జీబీయే చూపిస్తోందని షాపతనితో గొడవ పడకండి. కేబీ నుంచి ఎంబీ, ఎంబీ నుంచి జీబీ, ఇలా ఒక్కో మెట్టుకు కంపెనీ లెక్క వెయ్యితో, విండోస్ లెక్క 1024తో.